గాజు మంచిదే, గొడవంతా ఇనుముతోనే

(చెన్నై సాలిగ్రామంలో ఒక ఆదివారం సాయంత్రం, కెమెరా పని నేర్చుకుంటున్న తెలుగు కుర్రాళ్లు, అమ్మాయిలు ఓ ముప్పైమంది కూర్చుంటే, స్టిల్ ఫొటో లెన్సుల్ని సినిమా కెమెరాకి వాడటం గురించి ఫోకస్ పని చేసే ఒకాయన చెప్పిన మాటలు. రికార్డింగ్ విని రాసింది. మధ్యలో టీ వచ్చినప్పటి గోల తీసేశాం.)

ఆ ఫ్యాన్ కాస్త తగ్గించు తమ్ముడూ, మైకులో గాలి కొడుతోంది. ఆఁ, చాలు.

బల్ల మీద రెండు లెన్సులు పెట్టాను. రెండూ 50 ఎం.ఎం.లే. ఎడమ పక్కది నికాన్ స్టిల్ లెన్స్, మా మేనమామది. నెల్లూరులో స్టూడియో ఉన్న రోజుల్లో దాంతో ఎన్ని పెళ్లిళ్లు తీశాడో లెక్కలేదు, రింగు మీద అంకెలు సగం అరిగిపోయాయి. కుడి పక్కది సినిమా లెన్స్, పీఎల్ మౌంట్, అంటే సినిమా కెమెరాలకి బిగించే రకం. అది నాది కాదు, రెంటుకు తెచ్చింది, రేపు పొద్దున పదింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి, కాబట్టి దయచేసి దాన్ని దూరం నుంచే చూడండి. మామయ్య లెన్సు అరచేతిలో ఇమిడిపోతుంది. రెండోది మరచెంబంత ఉంది, బరువూ అంతే.

ఇప్పుడు అందరూ అడిగేది ఒకటే, అన్నా, ఈ చిన్నదాన్ని సినిమా కెమెరాకి తగిలిస్తే బొమ్మ బాగుంటుందా? బాగుంటుంది. నేను చాలాసార్లు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను, ఐరిస్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 4 దగ్గర పెట్టి ఏది ఏదో చెప్పమంటే నాకే తడబాటు వస్తుంది. జైస్ కంపెనీ 2010లో సీపీ.2 అని సినిమా లెన్సుల సెట్ దింపింది, వాటి లోపలి గాజు చాలావరకు వాళ్ల సొంత స్టిల్ లెన్సులదే. మరి డబ్బు దేనికి తీసుకున్నారు? చుట్టూ ఉన్న ఇనుముకి. ఫోకస్ రింగు ఎక్కువ దూరం తిరుగుతుంది, ఐరిస్‌కి 14 రేకులు, సెట్‌లో లెన్సులన్నిటికీ ఫోకస్ తిప్పే పళ్లు ఒకే చోట, ముందు మూతి ఎక్కువ వాటికి ఒకే సైజు. ఇనుము అన్నానని నవ్వకండి, అల్యూమినియం, ఇత్తడి అన్నీ కలిపే అంటున్నాను. మా వాడుక అంతే.

స్టిల్ లెన్స్ ఫొటో తీసేవాడి చేతికోసం తయారైంది. కన్ను వాడిదే, చెయ్యి వాడిదే, ఒక్క క్షణం ఫోకస్ దొరికితే క్లిక్, అయిపోయింది. సినిమా లెన్స్ అలా కాదు, చూసేది ఆపరేటర్, తిప్పేది పక్కన నిలబడ్డ ఫోకస్ పుల్లర్, వాడు లెన్సులోంచి చూడడు, అంకెలు చూసి తిప్పుతాడు. అంకె నాలుగడుగులు అంటే ఫోకస్ నాలుగడుగుల దగ్గరే పడాలి, పొద్దున పడ్డది సాయంత్రమూ పడాలి. స్టిల్ లెన్సుని సినిమాకి మార్చడమంటే ఆ చిన్నదాని చేత ఈ మాట తప్పని గుణం నేర్పించడమే. లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టే రింగు, అదే అడాప్టర్, బిగించడం అందులో రెండు నిమిషాల పని.

చిన్న పాతకథ చెప్పి ముందుకెళ్తాను. 1925లో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చింది. దాన్ని చేసిన ఆస్కార్ బర్నాక్ ఫిల్మ్ కొత్తగా కనిపెట్టలేదు, సినిమా వాళ్ల 35 ఎం.ఎం. ఫిల్మే తీసుకుని, నిలువునా నడిచేదాన్ని అడ్డంగా నడిపించి, 18 బై 24 ఉన్న సినిమా ఫ్రేముని రెట్టింపు చేసి 24 బై 36 చేశాడు. మనం ఫుల్‌ఫ్రేమ్ అంటున్నది అదే. అంటే స్టిల్ లెన్సులు సినిమా కెమెరాకి రావడం ఒకరకంగా ఆడపిల్ల పుట్టింటికి రావడం లాంటిది, కాకపోతే ఇన్నేళ్ల కాపురంలో అలవాట్లు మారిపోయాయి.

ఫ్రేము రెట్టింపు కాబట్టి, స్టిల్ లెన్సు వేసే వెలుతురు వలయం మూల నుంచి మూలకి 43.3 మి.మీ. ఉన్న బొమ్మని కప్పేస్తుంది. సినిమా కెమెరాల్లో మామూలుగా ఉండే సూపర్ 35 సెన్సరుకి 31 చుట్టుపక్కల ఉంటే చాలు. అందుకే పెద్ద సెన్సరున్న కెమెరాలు, సోనీ వెనిస్ 2017లో, అలెక్సా ఎల్ఎఫ్ 2018లో వచ్చాక స్టిల్ లెన్సులకి మళ్లీ గిరాకీ పెరిగింది, పెద్ద సెన్సరు మీద పాత సినిమా లెన్సులు చాలావాటికి మూలలు నల్లబడతాయి, స్టిల్ లెన్సులకి ఆ బాధ తక్కువ. ఎల్ఎఫ్ సెన్సరు మూలలు 44.7 దాకా వెళ్తాయి, కాబట్టి ఓపెన్ గేట్‌లో, అంటే సెన్సరు మొత్తం వాడి, తీసే ముందు అక్కడ కూడా ఒకసారి చూసుకోండి.

ఇక అసలు విషయం, ఫ్లాంజ్ దూరం. లెన్సు కూర్చునే చోటు నుంచి సెన్సరు దాకా ఎంత దూరం ఉండాలి అన్నది ప్రతి మౌంట్‌కీ ఒక లెక్క. పీఎల్‌కి 52 మి.మీ., లైకా ఆర్‌కి 47, నికాన్ ఎఫ్‌కి 46.5, పాత కాంటాక్స్-యాషికా 45.5, ఎం42 మర లెన్సులు 45.46, కానన్ ఈఎఫ్ 44, కానన్ ఎఫ్‌డీ 42. ఆ తర్వాత ఒక్కసారిగా కిందకి దిగిపోతుంది, కానన్ ఆర్ఎఫ్ 20, సోనీ ఈ 18. లెన్సు అంకె కెమెరా అంకె కన్నా పెద్దదైతే ఆ తేడా ఎంతో అంత మందం అడాప్టర్ పెట్టుకోవచ్చు. చిన్నదైతే కుదరదు. చెప్పు పెద్దదైతే గుడ్డ కుక్కుకుంటాం, చిన్నదైతే కాలు కోసుకోలేం కదా.

నికాన్ లెన్సు ఈఎఫ్ కెమెరాకి? 46.5లోంచి 44 పోతే రెండున్నర మిల్లీమీటర్లు, చేతి గాజులాంటి సన్నటి రింగు, హాయిగా వస్తుంది. ఎఫ్‌డీ లెన్సు ఈఎఫ్‌కి? రాదు, మధ్యలో గాజు పెట్టిన అడాప్టర్లు దొరుకుతాయి, అవి బొమ్మని పాడుచేస్తాయి, వద్దు. అదే ఎఫ్‌డీని ఆర్ఎఫ్ కెమెరాకి, సోనీకి పెట్టండి, దర్జాగా కూర్చుంటుంది. పీఎల్ కెమెరా ఉంటే ఈ స్టిల్ లెన్సులేవీ నేరుగా రావు. అప్పుడు రెండే దారులు, లెన్సు వెనకభాగం కోయించి మౌంటే మార్పించడం, లేదా కెమెరా మౌంటు మార్చడం. అలెక్సా మినీకి పీఎల్ విప్పేసి ఈఎఫ్ మౌంటు బిగించుకోవచ్చు, రెంటు వాళ్లని అడిగితే ఉందో లేదో చెప్తారు, ముందురోజే అడగండి, కాల్షీట్ మొదలయ్యాక కాదు.

ఇప్పుడు నా పరువు పోయిన కథ.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న సినిమా, బడ్జెట్ ఎంతంటే బ్యాటా, అంటే రోజు భత్యం, ఇవ్వడమే ఎక్కువ అనుకునేంత. కెమెరా ఈఎఫ్ మౌంటుది, లెన్సులు నావే, నికాన్ సెట్. రాత్రి, బెసంట్ నగర్ బీచిలో ష్మిట్ మెమోరియల్ దగ్గర షాట్, 24 ఎం.ఎం., వెలుతురు లేదు కాబట్టి ఎఫ్ 2లో పూర్తిగా తెరిచి పెట్టాం. హీరో ఎనభై అడుగుల దూరంలో సముద్రం వైపు నడుస్తుంటాడు. అంత దూరం కాబట్టి నేను రింగుని ఇన్ఫినిటీకి, అంటే అనంత దూరం గుర్తుకి, తిప్పి, అక్కడ ఆగిపోతుంది కదా, ఆనించి వదిలేశాను. ఏడంగుళాల మానిటర్‌లో అందరికీ బాగానే కనిపించింది. డైరెక్టర్ ఓకే, కెమెరామెన్ గారు ఓకే, తెల్లారి అయిదింటికి ఇడ్లీ తిని ఇంటికి.

మూడు వారాలకి, రంగులు సరిచేసే గ్రేడింగ్ థియేటర్‌లో పెద్ద తెర మీద వేశారు. హీరో మొత్తం సాఫ్ట్, మసక. ఇసుక మాత్రం, మా ముందు ఇరవై అడుగుల్లో ఉన్న ఇసుక, రేణువు రేణువుగా కనిపిస్తోంది. చీకట్లో ఎవరూ మాట్లాడలేదు, కెమెరామెన్ గారు మాత్రం నా వైపు తిరిగి, "ఏరా, ఇసుకని ఫోకస్ చేశావా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే రింగు ఇన్ఫినిటీ దాటి ఇంక తిరగదు, తిప్పడానికి చోటే లేదు, అయినా తప్పు నాదే అయింది.

ఇంటికొచ్చి అడాప్టర్ విప్పి కొలిచాను. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో తీగ మందం కొలిచిన స్క్రూగేజ్ గుర్తుందా, అదే, నేను అప్పట్లో రీడింగులు పక్కవాడి రికార్డు చూసి వేశాను, దాని పాపం ఇప్పుడు అనుభవించాను. 2.50 ఉండాల్సింది 2.60 ఉంది. పదోవంతు మిల్లీమీటరు, ఒక జెరాక్స్ కాగితం మందం. ఈ మాత్రానికేనా అనుకుంటారు. లెక్క వేసుకోండి, చాలా తేలిక, ఫోకల్ లెంగ్త్‌ని దాంతోనే గుణించి, తేడాతో భాగించండి. 24 ఇంటూ 24, 576. దాన్ని 0.1తో భాగిస్తే 5760 మి.మీ. అంటే దగ్గర దగ్గర 19 అడుగులు. రింగు ఇన్ఫినిటీలో ఉన్నా లెన్సు 19 అడుగుల దగ్గరే చూస్తోంది. ఇసుక! అదే కాగితం మందం తప్పు 85 ఎం.ఎం. లెన్సుకి ఉంటే 72 మీటర్లు వస్తుంది, అక్కడ ఎవరూ పట్టుకోలేరు. అందుకే టెలీ లెన్సుతో టెస్ట్ చేసి "అడాప్టర్ సూపర్" అనేవాడి మాట వినకండి. వైడ్‌తో టెస్ట్ చెయ్యాలి, ఐరిస్ పూర్తిగా తెరిచి.

ఆ రింగు తీసుకుని అంబత్తూర్ ఎస్టేట్‌లో లేత్ పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరకి పోయాను. ఆయన బైక్ విడిభాగాలు చేస్తాడు, లెన్సు అంటే కళ్లజోడు అనుకున్నాడు. పదోవంతు తియ్యాలి అంటే నవ్వి, "ఇంతేనా" అని ఒకేసారి 0.12 తీసి ఇచ్చాడు. నేను ఏడుపు మొహం పెట్టాను గానీ అది మంచికే వచ్చింది, ఎక్కువగా పోయిన 0.02 పోనీ అనుకున్నా పర్వాలేదు, ఎందుకంటే అడాప్టర్ కాస్త పలచనైతే ఇన్ఫినిటీ వస్తుంది, గుర్తుకన్నా ముందే వస్తుంది, అంతే. చవక అడాప్టర్లు చాలావరకు కావాలనే పలచగా చేస్తారు, ఇన్ఫినిటీ రాలేదని ఎవరూ తిట్టకుండా. ఫొటోగ్రాఫర్‌కి అది చాలు. మనకి చాలదు, ఎందుకంటే అప్పుడు రింగు మీది ఒక్క అంకె కూడా నిజం చెప్పదు, టేపు పెట్టి పదడుగులు కొలిచి పదడుగుల గీత మీద పెడితే ఫోకస్ ఇంకెక్కడో ఉంటుంది. దానికి షిమ్ వేసుకోవాలి, ఇత్తడి రేకు సన్నగా రింగులా కత్తిరించి మధ్యలో పెట్టడం. అప్పటి నుంచి నా దగ్గర లెన్సు లెన్సుకీ ఒక అడాప్టర్ ఉంది, షిమ్ వేసి సరిచేశాక దానికే అంకితం, విప్పేది లేదు.

ఫోకస్ రింగు సంగతి. మామయ్య లెన్సు చూడండి, 15 అడుగుల అంకె అయిపోగానే పక్కనే ఎనిమిది పడుకుని ఉంటుంది. ఆ వేలెడంత కూడా లేని సందులో 15 నుంచి ఇన్ఫినిటీ దాకా అన్ని దూరాలూ ఇరుక్కుని కూర్చున్నాయి. సినిమా లెన్సులో అదే సందు ఎంత విశాలంగా ఉందో చూడండి, ఇరవై, ముప్పై, యాభై, వాటి మధ్య గీతలు. కొత్త ఆటోఫోకస్ లెన్సులు ఇంకా ఘోరం, మోటారు తొందరగా తిప్పాలని రింగుని పావు చుట్టుకి కుదించేశారు. అందుకే పాత మాన్యువల్ లెన్సులే కొనమంటాను. నికాన్‌లో 1977 తర్వాత వచ్చిన ఏఐ రకం, ఆ తర్వాతి ఏఐ-ఎస్ రకం లెన్సులు వెతకండి. ఒక్క తిరకాసు, నికాన్ రింగు సినిమా లెన్సులకి వ్యతిరేక దిక్కున తిరుగుతుంది. వైర్‌లెస్ మోటారు అయితే మెనూలో దిక్కు మార్చుకుంటే సరి. చేత్తో తిప్పే ఫాలో ఫోకస్ అయితే ఎదురు తిప్పే గేరు కావాలి, లేదంటే యాక్షన్ అనగానే చెయ్యి పాత అలవాటుతో అటే పోతుంది, నాకు పోయింది. పళ్ల రింగు 0.8 మాడ్యూల్ అని అడిగి తీసుకోండి, సినిమా వాళ్ల కొలత అదే.

ఫోకస్ బై వైర్ లెన్సులు, అంటే రింగుకీ గాజుకీ మధ్య మర లేకుండా కేవలం మోటారుకి కబురు పంపేవి, వాటి జోలికి అసలు పోకండి. చాలావాటిలో నెమ్మదిగా తిప్పితే ఒక దూరం, వేగంగా తిప్పితే ఇంకో దూరం వెళ్తుంది. గుర్తులు పెట్టుకుని ఏం లాభం.

డీక్లిక్ గురించి ముగ్గురు నలుగురు ముందే అడిగారు. ఐరిస్ రింగు తిప్పితే టక్ టక్ మంటుంది చూశారా, చాలా లెన్సుల్లో లోపల ఆవగింజంత స్టీలు గోళీ ఒకటి గుంటల్లో పడుతూ లేస్తూ ఉంటుంది. షాట్ మధ్యలో ఎక్స్‌పోజర్ మార్చాలంటే ఆ టక్‌టక్ పనికిరాదు, సౌండ్ వాళ్లూ ఊరుకోరు. కాబట్టి గోళీ తీసెయ్యాలి. నేను ఎలా చేస్తానంటే, పెద్ద స్టీలు పళ్లెంలో తెల్ల తుండుగుడ్డ పరిచి దాని మీద లెన్సు బోర్లా పెడతాను. వెనక మౌంటు స్క్రూలు జపాన్ లెన్సుల్లో జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం, రకం, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది, ఇక అది జన్మలో రాదు. మౌంటు లేచాక ఐరిస్ రింగుని చాలా నెమ్మదిగా పైకి తియ్యాలి, వేలు అడ్డం పెట్టుకుని, ఎందుకంటే గోళీ స్ప్రింగు మీద కాచుకుని కూర్చుంటుంది, సందు దొరగ్గానే ఎగురుతుంది. మొదటిసారి నాది ఎగిరి ఎక్కడ పడిందో ఈరోజుకీ తెలీదు, మా ఆవిడ మాత్రం ఆ వారమంతా నన్ను పప్పు ఏరనివ్వలేదు. (నవ్వులు) తీశాక రింగు మరీ వదులవుతుంది, దానంతట అదే జారుతుంది, అందుకని కాస్త చిక్కటి గ్రీజు రాయాలి, కొంచెమే, ఎక్కువైతే ఎండలో కరిగి రేకుల మీదకి పాకుతుంది. ఆ పని అక్కడితో ఆపండి. ఫోకస్ మర, హెలికాయిడ్ అంటాం, దాన్ని విప్పకండి. విప్పక తప్పకపోతే విడిపోయే చోట ముందు గీత గీసుకోండి, ఆ మరకి మొదళ్లు చాలా ఉంటాయి, ఏదో ఒకదాంట్లో ఎక్కిస్తే బిగుస్తుంది గానీ ఇన్ఫినిటీ పోతుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది, కదులు. స్టిల్ మౌంటుల్లో లెన్సుని పట్టుకునేది లోపలి స్ప్రింగులు. ఫోటోకి బాగానే ఉంటుంది. మీరు ఫోకస్ మోటారు తగిలించి ముందుకీ వెనక్కీ తిప్పితే, దిక్కు మారినప్పుడల్లా లెన్సు మౌంటులో వెంట్రుకవాసి కదిలి ఫ్రేము ఒక దుముకు దుముకుతుంది. క్లోజప్‌లో ముక్కు పక్కకి జరిగి వచ్చినట్టు కనిపిస్తుంది, ఎడిటర్ "స్టెబిలైజర్ ఏమైనా వేశారా" అని అడుగుతాడు. బిగించి తాళం వేసే రకం మౌంటు ఉన్న కెమెరా అయితే మంచిది, లేకపోతే రాడ్ల మీద లెన్స్ సపోర్టు పెట్టండి, లెన్సుకే కాదు, అడాప్టర్ కిందా పెట్టండి.

బ్రీతింగ్ గురించి ఎక్కువ చెప్పను, ఫోకస్ మారేటప్పుడు ఫ్రేము జూమ్ అయినట్టు ఉబ్బి తగ్గుతుంది, స్టిల్ లెన్సుల్లో అది ఉంటుంది, తియ్యలేం, ర్యాక్ షాట్లు, అంటే షాట్ మధ్యలో ఫోకస్ ఒకరి నుంచి ఇంకొకరికి మార్చేవి, తగ్గించుకోండి. ఎఫ్ స్టాప్, టీ స్టాప్ తేడా కూడా అంతే, ఎఫ్ అనేది కొలత లెక్క, టీ అనేది నిజంగా లోపలికి వచ్చే వెలుతురు. రెండు ఎఫ్ 2 లెన్సులు ఒకే వెలుతురు ఇస్తాయని నమ్మకండి, బూడిదరంగు కార్డు పెట్టి ప్రతి లెన్సుకీ తేడా రాసి టేపు మీద అతికించుకోండి. స్టిల్ జూములు చాలావరకు జూమ్ చేస్తే ఫోకస్ తప్పుతాయి, జూమ్ లేని ప్రైములు వాడండి.

సరే, ప్రశ్నలు. నీ దగ్గర ఏముందమ్మా? హీలియోస్ 44-2నా? మంచిది. 58 ఎం.ఎం., ఎఫ్ 2, సోవియట్ కాలం లెన్సు, ఎం42 మర. ఈఎఫ్‌కి ఒకటిన్నర మిల్లీమీటరు లోపు అడాప్టర్ చాలు. దానికి డీక్లిక్ అక్కర్లేదు, రెండు రింగులు ఉంటాయి చూడు, ఒకటి టక్ మంటుంది, ఇంకోటి మెత్తగా తిరుగుతుంది, మొదటిదాన్ని 16 దగ్గర పెట్టి వదిలేసి రెండోది వాడుకో. కానీ వెనకాల ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయని కొన్నావు కదా? ఆ సుడి అంచుల్లోనే ఎక్కువ. నీది సూపర్ 35 కెమెరా, అంచులు కోసేస్తుంది, సుడి సగం పోతుంది. నెట్‌లో చూసిన శాంపిళ్లు ఫుల్‌ఫ్రేమ్‌వి అయి ఉంటాయి.

స్పీడ్ బూస్టర్ పెడితే తిరిగి వస్తుందా అంటున్నాడు వెనకాల తమ్ముడు. వస్తుంది, చాలావరకు. 0.71 రెట్లు కుదించే గాజు అది, పెద్ద వలయాన్ని చిన్న సెన్సరు మీదకి నొక్కుతుంది, 50 లెన్సు 35లా కనిపిస్తుంది, వెలుతురు ఒక స్టాప్ పెరుగుతుంది. అయితే కెమెరా ఫ్లాంజ్ చిన్నదిగా ఉంటేనే దానికి చోటు. ఈఎఫ్ బాడీకి మామూలుగా చోటు ఉండదు.

కానన్ ఈఎఫ్ లెన్సుని కరెంటు లేని అడాప్టర్‌తో వాడాలంటే ఐరిస్ ఎలా మూయాలి? మంచి ప్రశ్న. కానన్ డీఎస్ఎల్ఆర్ బాడీకి పెట్టి, కావలసిన ఎఫ్ నంబరు పెట్టి, ముందున్న డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని ఉండగానే లెన్సు విప్పెయ్యండి. అలాగే మూసుకుని ఉండిపోతుంది. మళ్లీ మార్చాలంటే మళ్లీ అదే భాగోతం.

ఫంగస్? చెన్నైలో ఉండి ఆ ప్రశ్న అడగకపోతే ఆశ్చర్యపోయేవాణ్ని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మిగతా నెలలు సముద్రపు గాలి. లెన్సు వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి, సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే కొనకండి, ఎంత చవకైనా సరే, అది కోటింగుని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. ఉన్నవాటిని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, లోపల తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి పడేసి, 40, 50 శాతం మధ్య ఉంచండి. తోలు సంచుల్లో మాత్రం పెట్టకండి, మా మామయ్య అలాగే రెండు లెన్సులు పోగొట్టుకున్నాడు.

ఇంతసేపూ ఆ చివర కూర్చున్న తమ్ముడు సంచిలోంచి కెమెరా బయటికి తీస్తూ లోపల పెడుతూ ఉన్నాడు. తెచ్చింది ఏం లెన్సు? 28నా, వైడే, మరీ మంచిది. అడాప్టర్ ఎంత మందం ఉందో కొలిచావా? కొలవలేదు. డాబా తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది, పట్రా. పైకెళ్తే వడపళని వైపు సెల్ టవర్ మీద ఎర్ర దీపం కనిపిస్తుంది. ఐరిస్ పూర్తిగా తెరిచి, బొమ్మ పెద్దది చేసి, ఆ దీపం చుక్కలా మారేదాకా తిప్పు, అప్పుడు రింగు ఏ అంకె మీద ఉందో చూద్దాం. మిగతావాళ్లు టీ గ్లాసులు ఇక్కడే పెట్టి రండి, పైన గోడ మీద పెడితే కింద ఇంటివాళ్లు ఊరుకోరు.